తాండ్ర పాపారాయుడు

తాండ్ర పాపారాయుడు 18వ శతాబ్దానికి చెందిన తెలుగు వీరుడు. బొబ్బిలి సంస్థానంలో సేనానాయకుడు, రాజాం కోటకు అధిపతి. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధ సమయంలో ఈయన రాజాంలో ఉండిపోవడం వల్ల ఆ పోరాటంలో పాల్గొనలేకపోయాడు. కోట కూలిపోయిన మూడవ రాత్రి విజయనగర ప్రభువు పెద విజయరామరాజును ఆయన డేరాలోనే వధించి, తానూ అక్కడే ప్రాణాలు విడిచాడని తెలుగునాట తరతరాలుగా చెప్పుకుంటున్నారు. బొబ్బిలి పులి అన్న పేరు వినగానే తెలుగువారికి మొదట గుర్తుకు వచ్చేది ఈయనే. సమయానికి చేరలేకపోయిన ఒక సేనాని జీవితం ఇంతటి వీరగాథగా నిలవడం ఈ చరిత్రలోని విశేషం.

బొబ్బిలి సంస్థానం

పాపారాయుడు పద్మనాయక వెలమ కులానికి చెందినవాడు. బొబ్బిలి పాలకులదీ అదే కులం. బొబ్బిలి రాజా గోపాలకృష్ణ రంగారావు భార్య మల్లమదేవికి పాపారాయుడు సోదరుడని గాథలు చెబుతున్నాయి. అందుచేత కథల్లో ఆయన రాజుకు కేవలం సేనాని కాదు, బావమరిది కూడా.

బొబ్బిలి వంశానికి మూలపురుషుడు పెద్దరాయుడు. ఈయన వెంకటగిరి వెలమ ప్రభువుల శాఖకు చెందినవాడు. 1652 ప్రాంతంలో శ్రీకాకుళం ఫౌజుదారుగా వచ్చిన షేర్ మహమ్మద్ ఖాన్ వెంట ఉత్తరాంధ్రకు వచ్చి, చేసిన సేవకు ప్రతిఫలంగా భూములు పొందాడు. షేర్ అంటే పులి. తనకు మేలు చేసిన ప్రభువు పేరు మీద ఆ చోటికి పెద్దపులి అని పేరు పెట్టారనీ, అదే పెబ్బులి, బెబ్బులి, చివరకు బొబ్బిలి అయిందనీ వంశ చరిత్రలో ఉంది. పెద్దరాయుని దత్తపుత్రుడు లింగప్ప కాలం నుంచి బొబ్బిలి ప్రభువులకు రంగారావు అనే బిరుదు వాడుకలోకి వచ్చింది.

విజయనగరం పూసపాటి రాజుల పూర్వీకుడు మాధవవర్మ కూడా షేర్ మహమ్మద్ ఖాన్ వెంటనే ఈ ప్రాంతానికి వచ్చాడు. ఒకే దండులో వచ్చి, ఒకే ప్రభువు కింద పెరిగిన రెండు కుటుంబాలు వంద సంవత్సరాలలో బద్ధశత్రువులయ్యాయి.

రాజాం

రాజాం బొబ్బిలికి తూర్పున 30 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. శ్రీకాకుళం, పాలకొండ, చీపురుపల్లి, బొబ్బిలి వైపులకు పోయే దారులు ఇక్కడ కలుస్తాయి. ఫౌజుదారు ఉండే శ్రీకాకుళం వైపు నుంచి బొబ్బిలి మీదికి ఎవరైనా రావాలంటే రాజాం మీదుగా రావడం సహజం. కాబట్టి సంస్థానం తూర్పు వాకిలికి ఇది కావలి కోట వంటిది. అంతటి ముఖ్యమైన చోటును నమ్మకస్థుడైన బంధువు చేతిలో పెట్టడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఈ కాపలాకు ఒక పరిమితి ఉంది. శత్రువు తూర్పు నుంచి వస్తే రాజాం మొదటి అడ్డుగోడ అవుతుంది. దక్షిణాన ఉన్న విజయనగరం వైపు నుంచి వస్తే మాత్రం రాజాంలోని దండు యుద్ధరంగానికి ఒక పూట ప్రయాణం దూరంలో పక్కన ఉండిపోతుంది. 1757లో జరిగింది ఇదే.

ఉత్తర సర్కారులలో ఫ్రెంచివారు

1753 చివరలో హైదరాబాదు నిజాము సలాబత్ జంగ్, తన వద్ద ఉన్న ఫ్రెంచి సైన్యం ఖర్చుల కోసం ముస్తఫానగర్, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చాడు. ఆ సైన్యానికి నాయకుడు బుస్సీ. శ్రీకాకుళం ఫౌజుదారు జాఫర్ అలీ ఖాన్ ఈ ఏర్పాటును ఎదిరించాడు. తొలుత ఆయనతో చేతులు కలిపిన విజయనగరం రాజు పెద విజయరామరాజు, త్వరలోనే ఫ్రెంచివారి పక్షాన చేరాడు. అందుకు ప్రతిఫలంగా శ్రీకాకుళం, రాజమహేంద్రవరం సర్కారులు తక్కువ మొత్తానికి ఆయనకు కౌలుకు దక్కాయి. దీనితో చుట్టుపక్కల జమీందారులందరిలో విజయరామరాజు బలవంతుడయ్యాడు.

1756 నడుమ బుస్సీకి నిజాము దర్బారుతో తగవు వచ్చింది. కొలువు నుంచి తొలగించబడిన బుస్సీ హైదరాబాదులో కొంతకాలం ముట్టడిలో చిక్కుకుని, మచిలీపట్నం నుంచి అదనపు బలం వచ్చాక బయటపడి, నిజాముతో రాజీ కుదుర్చుకున్నాడు. ఈలోగా ఫ్రెంచివారి పని అయిపోయిందని సర్కారులలో పలువురు భావించారు. కప్పాలు నిలిచిపోయాయి. ఆ తడబాటు కాలంలో కూడా విజయరామరాజు మాత్రం ఫ్రెంచివారి పక్షం విడవలేదు. 1756 చివర సర్కారులకు తిరిగి వచ్చిన బుస్సీకి ఆయన పెద్ద సైన్యంతో ఎదురేగి స్వాగతం చెప్పాడు. ఈ విశ్వాసానికి ఆయన కోరిన బహుమానం బొబ్బిలి.

విజయనగరం - బొబ్బిలి వైరం

రెండు సంస్థానాల మధ్య సరిహద్దు తగాదాలు, కాలువ నీటి తగాదాలు చాలాకాలంగా ఉన్నాయి. బొబ్బిలివారు తమ నీటిని మళ్ళించుకుంటున్నారని విజయనగరం ఫిర్యాదు. దీనికి తోడు కులాభిమానం, బిరుదుల పట్టింపు. జానపద గాథలు కోడిపందాలను కూడా కారణాలలో చేర్చాయి. విజయరామరాజు ఎంత బలవంతుడైనా తనంత తానుగా బొబ్బిలిని లొంగదీయలేకపోయాడు. బొబ్బిలి కోట చుట్టూ ముళ్ళ పొదలతో దట్టమైన అడవి ఉండేది. దానిలో సన్నని దారులే తప్ప పెద్ద సేన నడవడానికి వీలుండేది కాదు. ఆ అడవిని చీల్చి, మట్టికోట గోడలను పగలగొట్టడానికి ఫిరంగులు కావాలి. అవి ఫ్రెంచివారి దగ్గర ఉన్నాయి.

ఆంగ్ల చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రచన ప్రకారం, బుస్సీ మొదట యుద్ధం కోరలేదు. రంగారావు బొబ్బిలిని విడిచిపెడితే దానికి బదులు మరోచోట అంతకంటే విలువైన భూములు ఇస్తానని కబురు పంపాడు. తాతతండ్రుల నేలను వదలడానికి రంగారావు అంగీకరించలేదు. ఆ తరువాత బొబ్బిలి అడవుల గుండా పోతున్న ఫ్రెంచి సిపాయిల దండు మీద దాడి జరిగి ముప్ఫై మంది చనిపోయారు. ఈ ఘటన వెనుక విజయరామరాజు ఎత్తుగడ ఉందని ఓర్మ్ రాశాడు. ఏది ఏమైనా ఆ వార్త విన్నాక బుస్సీ బొబ్బిలి మీద దండెత్తడానికి సిద్ధమయ్యాడు. గాథల్లో మాత్రం ఈ నేరమంతా బుస్సీ దివాను హైదర్ జంగ్ మీద పడింది. విజయనగరం వారి లంచం తిని, దొరకు తప్పుడు మాటలు చెప్పినవాడిగా కథకులు ఆయనను చిత్రించారు.

బొబ్బిలి ముట్టడి

ఓర్మ్ లెక్క ప్రకారం బొబ్బిలి మీదికి వచ్చిన సేనలో 750 మంది ఐరోపా సైనికులు, వారిలో 250 మంది ఆశ్వికులు, నాలుగు ఫిరంగులు ఉన్నాయి. విజయరామరాజు స్వయంగా నడిపించిన 11,000 మంది బంట్లు, సిపాయిలు వీరికి అదనం. కోటలోని వీరుల సంఖ్య దీనితో పోల్చదగినది కాదు.

1757 జనవరి 24న తెల్లవారుతుండగా నాలుగు బురుజుల మీదా ఫిరంగులు పేలాయి. తొమ్మిది గంటల వేళకు గోడల పైభాగం పలుచోట్ల విరిగిపడింది. నాలుగు దళాలు ఒకేసారి నిచ్చెనలతో గోడలెక్కడానికి ప్రయత్నించాయి. గంటసేపు పెనుగులాడినా ఒక్కడు కూడా లోపల అడుగు పెట్టలేకపోయాడు. బాగా అలసిపోయిన సైనికులను వెనక్కి పిలిచి, మళ్ళీ ఫిరంగులు కాల్చి, రెండవసారి దాడి చేశారు. గోడ పడిపోయిన చోట్ల బొబ్బిలి వీరులు ఎదురు నిలిచి చేతికి చేయి కలిపి పోరాడారు. మధ్యాహ్నం రెండు గంటలకు దాడిని మరోసారి ఆపవలసి వచ్చింది.

ఆ విరామంలో రంగారావు తన ముఖ్యులను సమావేశపరిచాడు. కోట నిలవదని అందరికీ తెలిసిపోయింది. స్త్రీలు, పిల్లలు శత్రువు చేతిలో పడకూడదని నిర్ణయించారు. కోట నడుమనున్న నివాసాలకు నిప్పు పెట్టారు. మంటల నుంచి తప్పించుకోబోయిన వారిని తమ చేతులతోనే చంపుకున్నారు. ఆ పని ముగించి వచ్చినవారు తిరిగి గోడల మీదకు ఎక్కారు. తుది దాడిలో రంగారావు తుపాకి గుండు తగిలి పడిపోయాడు. అనుచరులలో ఎవ్వరూ శరణు కోరలేదు. దాడి నడిపిన లా అనే ఫ్రెంచి అధికారి కోటలోకి అడుగు పెట్టేసరికి అతనికి కనిపించినవి శవాలూ బూడిదే.

పోరు సద్దుమణిగాక ఒక వృద్ధుడు రంగారావు కుమారుడైన పసివాడిని వెంటబెట్టుకుని వచ్చి లాకు అప్పగించాడు. తండ్రి ఆజ్ఞకు విరుద్ధంగా దాచి కాపాడిన ఆ బాలుడే చినరంగారావు.

రాజాం నుంచి సేన ఎందుకు చేరలేదు

బొబ్బిలిలో ఇంత జరుగుతుంటే పాపారాయుడు ఎందుకు రాలేదన్నది కథ వినే ప్రతివారికీ కలిగే ప్రశ్న. గాథలు దీనికి రకరకాల సమాధానాలు చెప్పాయి. కబురు తీసుకుపోయే వేగులను విజయనగరం వారు దారిలో పట్టుకున్నారని కొన్ని, దారులు మూసివేశారని కొన్ని, ఉత్తరం ఆలస్యంగా అందిందని మరికొన్ని చెబుతాయి. వివరాలు ఎలా ఉన్నా, దూరాన్నీ కాలాన్నీ లెక్కవేస్తే కొంత స్పష్టత వస్తుంది.

జనవరి చివరలో ఇక్కడ ఆరున్నర ప్రాంతంలో సూర్యోదయమవుతుంది, ఆరుగంటల లోపే చీకటి పడుతుంది. మొదటి ఫిరంగి మోతతోనే రౌతు ఒకడు కోట నుంచి బయలుదేరి, ముట్టడిని తప్పించుకుని, ఆనాటి బాటల మీద గుర్రాన్ని తోలినా రాజాం చేరేసరికి మూడు గంటలు పడుతుంది. పాపారాయుడు క్షణం ఆలస్యం చేయకుండా బంట్లను కూడగట్టి బయలుదేరినా, ఆయుధాలతో కాలినడకన పోయే దండు గంటకు నాలుగు కిలోమీటర్లకు మించి నడవలేదు. ఎనిమిది గంటలకు పైగా పట్టే నడక అది. అంటే రాజాం దండు చీకటి పడ్డాకనే బొబ్బిలి పొలిమేరకు చేరగలదు. గుర్రాల మీద కొద్దిమంది ముందుగా వచ్చినా, వేల సంఖ్యలో ఉన్న సేనను వారు ఛేదించలేరు. ముందురోజు సాయంత్రమే కబురు అంది ఉంటే మాత్రం, మధ్యాహ్నపు విరామ సమయానికి అలసిన శత్రువు వెనుక భాగాన్ని అడవిలో నుంచి తాకే అవకాశం ఉండేది. కాబట్టి రాజాం దండు విషయం జనవరి 24న కాక, అంతకు ముందే తేలిపోయింది.

సేనల కదలికలోని ఈ కష్టాన్ని బోధించడానికే ఐరోపాలో బల్ల మీద ఆడే యుద్ధక్రీడలు పుట్టాయి. చదరంగంలో ఇద్దరు ఆటగాళ్ళకూ బల్ల అంతా కనిపిస్తుంది. ఏనుగు, శకటు ఒక్క ఎత్తులో ఈ అంచు నుంచి ఆ అంచుకు పోగలవు. నిజమైన యుద్ధంలో అలా జరగదు. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్విట్జ్, తన తండ్రి మొదలుపెట్టిన పనిని కొనసాగించి, క్రీగ్‌ష్పీల్ అనే ఆటకు నియమాలు ప్రచురించాడు. ఇందులో గళ్ళ బల్లకు బదులు నిజమైన పటం ఉంటుంది. కొలత ఎనిమిదివేలకు ఒకటి. ఒక్కొక్క ఎత్తు రెండు నిమిషాల కాలానికి సమానం. కాల్బలం, ఆశ్వికదళం, ఫిరంగులు ఆ రెండు నిమిషాలలో నిజంగా ఎంత దూరం పోగలవో అంతే జరపాలి. దారి బాగుంటే ఎక్కువ, చిత్తడి నేల, అడవి, ఏటవాలు ఉంటే తక్కువ. ఎదుటివాడి బలగం ఎక్కడుందో మధ్యవర్తి చెప్పినంత మేరకే తెలుస్తుంది. దూరాన ఉన్న దళానికి పంపిన ఆజ్ఞ కూడా దూత ప్రయాణానికి పట్టే కాలం గడిచిన తరువాతనే అమలవుతుంది. ప్రష్యా సైన్యం అధికారుల శిక్షణలో ఈ ఆటను వాడుకుంది.

తరువాతి కాలంలో ఆంగ్ల రచయిత హెచ్.జి.వెల్స్ 1913లో లిటిల్ వార్స్ అనే పుస్తకంలో బొమ్మ సిపాయిలతో ఆడే సులభమైన నియమాలు రాశాడు. అందులో కాల్బలం ఒక ఎత్తుకు ఒక అడుగు, ఆశ్వికులు రెండు అడుగులు కదులుతారు. నడిపే మనుషులు తగినంతమంది దగ్గర లేకపోతే ఫిరంగి కదలదు. నేడు బొమ్మ సైన్యాలతో ఆడే ఆటలలోనూ ప్రతి దళానికీ ఇంత దూరమే అనే హద్దు ఉండడం ఈ సంప్రదాయం నుంచి వచ్చినదే.

ఇదే కొలతతో బొబ్బిలి యుద్ధాన్ని పటం మీద పరిస్తే విషయం కళ్ళకు కడుతుంది. క్రీగ్‌ష్పీల్ కొలత ప్రకారం రాజాం, బొబ్బిలి మధ్య దూరం పటం మీద సుమారు నాలుగు మీటర్లు. ఎనిమిది గంటల నడక అంటే 240 ఎత్తులు. బొబ్బిలి కోట ఆ చివర కూలిపోతుంటే, ఈ చివరనున్న దళాన్ని ఆటగాడు 240 సార్లు కొద్దికొద్దిగా జరపవలసిందే. పైగా ఆ దళానికి ఆజ్ఞ ఇంకా అందనే లేదు. పాపారాయుడి పరాక్రమంలో లోపం వల్ల బొబ్బిలి పడిపోలేదు. పరాక్రమం పనిచేయవలసిన చోటికి, పనిచేయవలసిన వేళకు అది చేరలేదు. కోటను కాపాడే దళాన్ని ఒక పగటి నడక కంటే దూరాన నిలిపినప్పుడు, ఆ దళానికి కోటను కాపాడడం సాధ్యం కాదు. ప్రతీకారం ఒక్కటే మిగులుతుంది.

విజయరామరాజు వధ

గాథ ప్రకారం పాపారాయుడు బొబ్బిలి చేరేసరికి కోట కాలిపోయి ఉంది. రాజు, సోదరి, బంధుమిత్రులు అందరూ మరణించారు. ఇక పోరాడడానికి సేన లేదు, కాపాడడానికి కోట లేదు. విజయరామరాజును చంపుతానని ప్రతిన పూని, దేవులపల్లి పెద్దన్న, బుద్ధరాజు వెంకయ్య అనే ఇద్దరు సహచరులతో శత్రువు దండు వైపు కదిలాడు.

యుద్ధం ముగిసినా విజయనగరం సేన ఇంకా అక్కడే విడిది చేసి ఉంది. పదివేల మందికి పైగా ఉన్న దండులో అందరి ముఖాలూ అందరికీ తెలియవు. భాష ఒకటే, వేషం ఒకటే. ఆ కలగాపులగంలో కలిసిపోయి వారు రాజుగారి డేరా వరకు వెళ్ళగలిగారు. కోట పడిన మూడవ రాత్రి, డేరా వెనుక భాగం నుంచి లోపలికి దూరి, నిద్రిస్తున్న విజయరామరాజును పొడిచి చంపారు. ఆయన శరీరం మీద 32 గాయాలున్నట్టు ఓర్మ్ నమోదు చేశాడు. అలికిడికి కావలివారు వచ్చిపడ్డారు. లోపలికి పోయినవారు పారిపోవడానికి ప్రయత్నించక అక్కడే మరణించారు. శత్రువుకు చిక్కకుండా తమను తామే పొడుచుకున్నారని గాథలు చెబుతాయి.

మూడు రోజుల క్రితం 30 కిలోమీటర్ల దూరం ఒక దండును నిలిపివేయగా, ఆ రాత్రి ఇద్దరు ముగ్గురు మనుషులను 11,000 మంది సేన ఆపలేకపోయింది. పెద్ద సేన కదలిక అందరికీ కనిపిస్తుంది. ఒంటరి మనిషి కదలిక ఎవరికీ కనిపించదు.

చరిత్రకూ గాథకూ మధ్య తేడాలు

ఈ వధను గురించి రెండు కథనాలున్నాయి. ఓర్మ్ రచనలో పాపారాయుడి పేరు కనబడదు. కోటలోనే ఉన్న రంగారావు అనుచరులు నలుగురు, రాజు మరణించాక ఒక మూల దాగి, రాత్రి గోడ దిగి, పక్కనున్న పొదలలో రెండు రోజులు వేచి ఉన్నారని, వారిలో ఇద్దరు డేరాలోకి పోయి రాజును చంపారని, వారు విఫలమైతే ఆ పని పూర్తి చేయడానికి మిగిలిన ఇద్దరు సిద్ధంగా ఉన్నారని ఆయన రాశాడు. రాజాం నుంచి వచ్చిన సేనాని అనే అంశం తెలుగు కథనాలలోనిది. ఇది బొబ్బిలి వంశ చరిత్రలోను, జానపద గాథలలోను స్థిరపడింది. విశాఖపట్నం జిల్లా గురించి 19వ శతాబ్దంలో రాసిన ఆంగ్లేయ అధికారులు కూడా ఈ స్థానిక కథనాన్ని నమోదు చేశారు.

రెండు కథనాలూ ముఖ్యాంశాలలో ఏకీభవిస్తాయి. యుద్ధం జరిగిన తేదీ, స్త్రీలూ పిల్లల ఆహుతి, పసివాడు బతికి బయటపడడం, మూడవ రాత్రి విజయరామరాజు హత్య, హంతకులు పారిపోకుండా అక్కడే చావడం రెండింటిలోనూ ఉన్నాయి. ఓర్మ్ తన గ్రంథానికి ఎక్కువగా ఐరోపా వారి ద్వారా వచ్చిన సమాచారాన్ని వాడుకున్నాడు. దాడి చేసినవారికి డేరాలో చనిపోయిన మనుషుల పేర్లు ముఖ్యం కాదు. బొబ్బిలి వారికి ఆ పేర్లే ముఖ్యం.

పర్యవసానాలు

విజయరామరాజు మరణం రెండు సంస్థానాల తగాదాతో ఆగలేదు. బొబ్బిలి తరువాత బుస్సీ ముందుకు సాగి 1757 జూన్‌లో విశాఖపట్నంలోని ఆంగ్లేయుల స్థావరాన్ని స్వాధీనం చేసుకున్నాడు. కాని విజయనగరంలో విజయరామరాజు వారసుడైన ఆనందగజపతిరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. 1758లో ఆయన విశాఖపట్నం నుంచి ఫ్రెంచివారిని వెళ్ళగొట్టి ఆంగ్లేయులకు కబురు పంపాడు. బెంగాల్ నుంచి రాబర్ట్ క్లైవ్, కల్నల్ ఫోర్డ్‌ను సేనతో పంపించాడు. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం వద్ద ఫ్రెంచివారు ఓడిపోయారు. ఉత్తర సర్కారులు శాశ్వతంగా వారి చేయి జారిపోయాయి. ఫ్రెంచివారికి గట్టి మిత్రుడైన విజయరామరాజు బతికి ఉంటే ఈ పరిణామాలు ఇంత త్వరగా వచ్చేవి కావని భావించవచ్చు.

బొబ్బిలి వంశం మాత్రం పూర్తిగా నశించలేదు. కొంతకాలానికి విజయనగరం వారితో కుదిరిన రాజీ ప్రకారం, సాలుసరి కప్పం చెల్లించే షరతు మీద రాజాం, కవిటి పరగణాలు ఆ కుటుంబానికి దక్కాయి. పాపారాయుడు కాపలా కాసిన రాజాం నుంచే బొబ్బిలి సంస్థానం తిరిగి తలెత్తింది. చినరంగారావు తరువాత విజయనగరం వారి చెరలో చిక్కుకుని, తప్పించుకుని నిజాము రాజ్యానికి పోయాడు. 1794 జూలై 10న పద్మనాభం యుద్ధంలో చిన విజయరామరాజు ఆంగ్లేయుల చేతిలో మరణించి, విజయనగరం జమీందారీ ముక్కలైన తరువాత చినరంగారావుకు బొబ్బిలి తిరిగి లభించింది. ఆ తరువాత శాశ్వత శిస్తు విధానం కింద ఆ జమీందారీ స్థిరపడింది. ఆ వంశానికి చెందిన రామకృష్ణ రంగారావు 1932 నుంచి మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రిగా పనిచేశాడు.

సాహిత్యం, కళలలో

బొబ్బిలి యుద్ధం తెలుగువారి వీరగాథలలో పల్నాటి యుద్ధంతో సమానంగా పేరు పొందింది. దిట్టకవి నారాయణకవి రంగరాయ చరిత్రము అనే ప్రబంధంలో ఈ కథను చెప్పాడు. పెద్దాడ మల్లేశం పేరు మీద ఉన్న జానపద గాథ ఉత్తరాంధ్ర పల్లెలలో బహుళ ప్రచారం పొందింది. చరిత్రకారుడు మల్లంపల్లి సోమశేఖరశర్మ ఈ గాథను పరిష్కరించి విపులమైన పీఠికతో వెలువరించాడు. వేదం వెంకటరాయశాస్త్రి, శ్రీపాద కృష్ణమూర్తిశాస్త్రి ఈ ఇతివృత్తంతో నాటకాలు రాశారు. బుర్రకథ కళాకారుడు షేక్ నాజర్ బొబ్బిలి కథను ఊరూరా వినిపించాడు.

1964లో సి.సీతారాం దర్శకత్వంలో వచ్చిన బొబ్బిలి యుద్ధం చిత్రంలో ఎన్.టి.రామారావు రంగారాయుడుగా, ఎస్.వి.రంగారావు పాపారాయుడుగా, భానుమతి మల్లమదేవిగా నటించారు. 1986లో దాసరి నారాయణరావు దర్శకత్వంలో వచ్చిన తాండ్ర పాపారాయుడు చిత్రంలో కృష్ణంరాజు కథానాయకుడు. ఈ రెండు చిత్రాలు చూసినవారికి పాపారాయుడి రూపం ఈ నటుల రూపంలోనే గుర్తుండిపోయింది.

కథకులందరూ పాపారాయుడి పాత్రను ఒకే తీరున మలిచారు. యుద్ధమంతా జరుగుతున్నప్పుడు ఆయన రంగస్థలం మీద ఉండడు. అందరూ పోయాక వస్తాడు. వినేవారు రాజాం వైపు చూస్తూ, ఇప్పుడైనా వస్తాడేమోనని ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపే గాథకు ప్రాణం.

స్మృతి చిహ్నాలు

యుద్ధం జరిగిన చోట బొబ్బిలి మహారాజా వెంకట శ్వేతాచలపతి రంగారావు 19వ శతాబ్దం చివరలో ఒక స్మారక స్తంభం నిలిపించాడు. బొబ్బిలి చూడవచ్చే యాత్రికులు దీనిని తప్పక సందర్శిస్తారు.

రాజాం శ్రీకాకుళం జిల్లాలో చాలాకాలం ఉండి, 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో విజయనగరం జిల్లాలో చేరింది. ఒకప్పుడు శత్రు సంస్థానాలుగా ఉన్న విజయనగరం, బొబ్బిలి, వాటి మధ్య కథకు కీలకమైన రాజాం ఇప్పుడు ఒకే జిల్లాలో ఉన్నాయి. 1757లో దండుకు పగలంతా పట్టే రాజాం - బొబ్బిలి దారిని నేడు మోటారు వాహనాలు గంటలోపే దాటుతున్నాయి.